పాస్‌పోర్టులో ఎనిమిదో పేజీ

ఏమండీ,

నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమం. ఈ మాట రాయడానికి ఈసారి చెయ్యి కొంచెం ఆగింది, అయినా రాశాను. మీరు, అత్తయ్యగారు, చిట్టిది కులాసాగా ఉన్నారని తలుస్తాను. ముందుగా ఒక్క మాట. నా తరఫున మీరు సంతకం పెట్టి పంపుతానన్న పన్ను కాగితాన్ని ఈ ఉత్తరం చివరిదాకా చదవకుండా పంపకండి. పంపితే అబద్ధం మీ పేరు మీద పడుతుంది. ఆ భయంతో నాకు రెండు రోజులుగా తిండి సహించడం లేదు.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటారు. నేను నోరు తెరవగానే మీరు "ఏమైంది, ఏమైంది" అని కంగారు పెడతారు, నేను బెదిరిపోయి మాట మార్చేస్తాను. మన ఇద్దరి సంగతీ నాకు తెలుసు.

మీరు అడిగినవాటికి జవాబులు. చలికి కోటు సరిపోతోంది. అది చూసి మా కళ్లద్దాల ఫ్యాక్టరీలో ఇద్దరు ఏ షాపులో కొన్నావని అడిగారు. మా ఆయన కుట్టారంటే నమ్మలేదు. అద్దాలు అరగదీసే మెషీను కొత్తది వచ్చింది, వేళ్ళు ఇదివరకటిలా నీళ్ళలో నానడం లేదు. చిట్టిదాని కళ్ళజోడుకి నేనే అద్దాలు చేసి పంపుతాను, డాక్టరు చీటీ పంపండి. అత్తయ్యగారి మోకాళ్ళ మందు ఆపనివ్వకండి. కాస్త తగ్గిందనగానే ఆవిడ మానేస్తారు.

ఇక రోజుల లెక్క. కిందటి ఏడాది నేను మన దేశంలో ఉన్నది నూట డెబ్భై ఆరు రోజులని రాశారు. "ప్రయాణపు రోజులు కుట్టులోకి పోయే బట్ట లాంటివి, కొలతలోకి రావు" అని కూడా రాశారు. చదివి నవ్వుకున్నాను. కానీ ఇక్కడ మా అకౌంట్సు ఆవిడని అడిగితే, "దిగిన రోజూ, ఎక్కిన రోజూ పూర్తి రోజులే అమ్మా. గంట ఉన్నా రోజు కిందే లెక్క" అంది. జూన్‌లో బయల్దేరిన రోజు, సెలవుకి వచ్చిన రోజు, తిరిగి వెళ్ళిన రోజు కలిపితే నూట డెబ్భై తొమ్మిది. నూట ఎనభై రెండు నిండితే ఆ ఏడాదికి నేను పన్ను విషయంలో అక్కడి మనిషినేనట, ఇక్కడి జీతం కూడా అక్కడ చూపించాలట. ఇంకా మూడు రోజులు తక్కువే కదా, బతికిపోయాం అనుకుంటారు మీరు.

బతికిపోలేదండీ.

పాస్‌పోర్టులో ముద్రలున్న పేజీలన్నీ జిరాక్స్ తీసి పంపమన్నారు. ఎనిమిదో పేజీ వదిలేసి తీశాను. కవరు అంటించి పోస్టు డబ్బా దాకా వెళ్ళాను కూడా. వెయ్యకుండా కవరు కోటు లోపల పెట్టుకుని తిరిగొచ్చేశాను. ముద్ర నేను దాచినా విమానాశ్రయం కంప్యూటర్లో ఉంటుంది కదా. రేపు నోటీసు వస్తే గుమ్మంలో నిలబడి జవాబు చెప్పాల్సింది మీరు.

ఆ పేజీలో ఉన్నవి అక్టోబరు తొమ్మిది, పదమూడు తేదీల ముద్రలు. ఐదు రోజులు. ఓవర్‌టైమ్ ఉంది, ఫోను పాడైంది అన్నాను చూడండి, అప్పుడు. నేను మన దేశంలోనే ఉన్నాను. మీకు మూడు గంటల దూరంలో, నా చిన్ననాటి స్నేహితురాలు నర్సుగా చేస్తున్న ఆసుపత్రిలో.

స్నానం చేస్తుంటే రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. ఇక్కడ చూపించుకుంటే ఫ్యాక్టరీకి తెలిసి పని పోతుందని భయపడ్డాను. మీకు చెప్పడానికి అంతకన్నా భయపడ్డాను. మీ అక్కయ్యగారు ఇదే జబ్బుతో పోయాక మీరు కత్తెర పట్టుకుని, గుడ్డ కత్తిరించకుండా రోజంతా కూర్చునేవారు. అది నేను మర్చిపోలేదు. గడ్డ తీసి పరీక్ష చేశారు. ప్రమాదమేమీ లేదన్నారు, ఆరు నెలలకి మళ్ళీ చూపించుకోమన్నారు. స్నేహితురాలు నా చెయ్యి పట్టుకుని, "మీ ఆయనకి చెప్పవే, నీకు పుణ్యముంటుంది" అని మరీ మరీ చెప్పింది. చెప్పలేదు. ఎంత కోప్పడ్డా సరే, నాతో మాట్లాడడం మాత్రం మానకండి.

కాబట్టి నూట ఎనభై నాలుగని రాయండి. ఇక్కడ కట్టిన పన్నుకి ఇక్కడి పన్నుల ఆఫీసు సర్టిఫికెట్ ఇస్తే, అక్కడ ఆ మేరకు తగ్గిస్తారని అకౌంట్సు ఆవిడ అంది. ఇంకా కొంత పడితే కడదాం. ఎనిమిదో పేజీ జిరాక్స్ కూడా ఈ ఉత్తరంతో పాటే పెడుతున్నాను.

ఇంకొకటి. పోయిన వారం నుంచి అదే చోట మళ్ళీ ఏదో తగులుతోంది. కుట్లు మానిన మచ్చో, ఇంకేమిటో తెలియదు. రోజుకి పదిసార్లు తడిమి చూసుకుంటున్నాను. సెలవు పెట్టాను, ఏప్రిల్ పన్నెండున వస్తున్నాను. అత్తయ్యగారికి ఇప్పుడే చెప్పకండి. చిట్టిదానికి అమ్మ వస్తోందని మాత్రం చెప్పండి.

విమానం పొద్దున పదింటికి దిగుతుంది. పోయినసారి ఆ విమానాశ్రయం గుమ్మం దాటి ఒక్కదాన్నే బయటికి వచ్చాను. ఈసారి నావల్ల కాదు. దిగిన రోజు కూడా పూర్తి రోజేనట కదా, ఆ రోజు నుంచే నా పక్కన ఉండండి.

ఇట్లు,
మీ దగ్గర ఐదు రోజులు దాచిన
మీ ఆవిడ