జగిత్యాలలో మనకు దొరకని గది

లింగం,

ఎట్లున్నావని నిన్ను అడిగే వీలు లేదు. నువ్వు పోయి నలభై ఏళ్లు కావస్తోంది. ఇన్నేళ్లలో నీకు ఒక్క ముక్క రాయలేదు. మొన్న జగిత్యాల వెళ్లొచ్చాక రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా చెల్లె మనవడు చరణ్‌కు అక్కడ కాలేజీలో సీటు వచ్చింది. వాడికి గది చూడాలని సిరిసిల్లలో ఇద్దరం బస్సెక్కాం. జగిత్యాల బస్టాండులో దిగగానే నా కాళ్లు మన పాత గల్లీల వైపే నడిచాయి...

గుర్తుందా, ఎన్ని తలుపులు తట్టామో? హాస్టల్లో సీట్లు లేవన్నారు. నేను సిరిసిల్లలో మగ్గం నేసేవాడి కొడుకును, నువ్వు కోరుట్ల పక్క పల్లె నుంచి వచ్చిన రైతు కొడుకువు. మనం ఊరి పేరు చెప్పగానే అవతలివాళ్ల ముఖం మారేది. "చదువుకునే పోరగాండ్లా? ఖాళీ లేదు" అనేవాళ్లు. వాళ్ల వెనకే ఖాళీ గది తలుపు బార్లా తెరిచి కనబడేది. వాళ్లకు అన్నలంటే, అదే నక్సలైట్లంటే భయం, పోలీసులంటే అంతకన్నా భయం. ఆ రెండు భయాల నడుమ పుస్తకం పట్టుకున్న ప్రతి కుర్రాడూ అనుమానమే.

"మనం రూము అడుగుతలేమురా, బెయిలు అడుగుతున్నం" అన్నావు నువ్వు.

గడ్డం గీయించుకుందామని నేనంటే నవ్వావు. "గడ్డం ఉంటే అన్నలంటరు, గీకితే మఫ్టీల అచ్చిన పోలీసంటరు. ఏ మొఖం పెట్టుకొని అడుగుదమురా మార్కండీ?"

చివరికి కిరాణా సేటు తన ఇంటి మీద రేకుల గది ఇచ్చాడు. చుట్టాలు రావొద్దు, గట్టిగా మాట్లాడొద్దు, ఎర్ర అంగీ తొడగొద్దు అన్నాడు. నీకున్నవే రెండు అంగీలు, అందులో ఒకటి ఎర్రది. దాన్ని మడిచి ట్రంకు పెట్టె అడుగున పెట్టావు.

ఆ గది కూడా ఎన్నాళ్లు నిలిచింది? ఒక పొద్దున లేచేసరికి సేటు గోడ మీద ఎర్ర అక్షరాల నినాదం. ఎవరు రాశారో మనకూ తెలియదు. నువ్వే సున్నం తెచ్చి, బకెట్లో కలిపి, ఒక్క అక్షరం మిగలకుండా గోడంతా పూశావు. సేటు మెచ్చుకుంటాడనుకున్నాం. "రాసినోళ్లు అచ్చి, ఎవడు తుడిపిండంటే నేనేం జెప్పాలె?" అన్నాడు. రాసింది మనమేమోనని ఒక భయం, తుడిచింది మనమేనని ఇంకో భయం. మధ్యాహ్నానికల్లా మన పెట్టెలు గల్లీలో ఉన్నాయి.

మనల్ని చూసి జాలిపడ్డది రైతు మల్లయ్య ఒక్కడే. ఊరి బయట తన పొలంలో బాయి పక్కనున్న మోటరు గది ఇచ్చాడు. నువ్వు ఆ రోజే ఎర్ర అంగీ తీసి తొడుక్కున్నావు. "ఈడ సేటు లేడు, తొడుగొద్దనెటోడు లేడు" అన్నావు.

చెల్లె పెండ్లికని నేను సిరిసిల్ల వెళ్లాను. నువ్వు పెండ్లినాటికి వస్తానన్నావు... రాలేదు.

ఏం జరిగిందో తర్వాత మల్లయ్య చెప్పాడు. పొద్దు పొడుస్తుండగా మోటరు వేయడానికి లేచావట. స్టార్టరు డబ్బా కింద పాము. నీ అరుపు విని మల్లయ్య వచ్చి, నిన్ను వీపు మీద మోసుకుని రోడ్డెక్కాడు. బస్సు వచ్చింది, ఆగలేదు. లారీ వచ్చింది, ఆగలేదు. బస్సులు తగలబడుతున్న రోజులవి. పొలాల్లోంచి వచ్చి చెయ్యెత్తే మనిషిని చూసి ఏ డ్రైవరు ఆపుతాడు?

"ఎర్రంగీ చూసి ఆపుతలేరేమోనని నేనే ఇడిపిచ్చిన బిడ్డా. అయినా ఆపలే" అని మల్లయ్య నా ముందు ఏడ్చాడు.

ఎడ్లబండి కట్టాడు. దవాఖాన గేటు దాకా నీ ఊపిరి ఉందట...

ఎవరి మీద కోపం పెంచుకోను లింగం? పాము మీదా?

నువ్వు పోయిన వారంలోనే ఊళ్లో ఇంకో మాట పుట్టింది. నీడ లేక పొలంలో పడుకున్నావని ఎవరూ అనలేదు. "దళంల తిరిగెటోడట, అందుకే బాయికాడ దాక్కున్నడట" అన్నారు. ఆ మాట కోరుట్ల దాటి మీ ఊరికీ చేరింది. మీ అమ్మ దాకా పోయింది. ఆమె నా చేయి పట్టుకుని అడిగింది... "నా కొడుకు వాళ్లల్ల ఉండెనా బిడ్డా? నిజం జెప్పు. ఉన్నా నేనేమనను." లేడని ఒట్టేసి చెప్పాను. తల ఊపింది. నమ్మిందో లేదో నాకు తెలియదు. ఆ సందేహంతోనే పోయిందేమో.

మొన్న చరణ్‌తో వెళ్తే సేటు ఇల్లు మూడంతస్తులైంది. ముందర హాస్టల్ బోర్డు. గదికి ఆరు మంచాలు. సేటు లేడు, కొడుకు కూర్చున్నాడు. "మాది పాత పేరు సార్. మా బాపు కాలం నుంచే స్టూడెంట్లకు ఇస్తున్నం" అన్నాడు.

నా ఒళ్లు మండింది. "మీ రేకుల గదిల ఇద్దరుండిరి, యాదికున్నదా?" అని అడిగాను.

"చిన్నప్పుడు ఇన్న సార్. ఒగాయిన నక్సలైటట. మా బాపు ముందే పసిగట్టి ఎల్లగొట్టిండట."

గర్వంగా చెప్పాడు లింగం. అదొక తెలివైన పనిలాగా...

"నక్సలైటు కాదు. బీకాం రెండో సంవత్సరం. మీ నాయిన ఎల్లగొడితే ఉండ జాగ లేక పాము కరిచి సచ్చిండు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. మంచాల మీది పిల్లలు తలలెత్తి చూశారు. వాడు మాత్రం "అయిపోయిన ముచ్చట్లు ఇప్పుడెందుకు సార్" అని ఫోను చేతిలోకి తీసుకున్నాడు.

చరణ్ నా చేయి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు. "పాము కరిచినాయన ఎవరు తాతా?" అన్నాడు. రోడ్డు పక్కన నిలబడి అంతా చెప్పాను. మా ఇంట్లో ఎవరికీ అంత వివరంగా చెప్పలేదు.

ఇంకో వీధిలో వాడికి గది దొరికింది. ఆ ఇంటామె మా ఊరడగలేదు, కులమడగలేదు, ఎవరెవరు వస్తారని అడగలేదు. "వండుకుంటవా, బయట తింటవా?" అని ఒక్క మాట అడిగి తాళంచెవి చేతిలో పెట్టింది. సంతోషించాలి కదా? నావల్ల కాలేదు. ఇంత చిన్న పనా ఇది? ఇంతే అయితే మరి నీకెందుకు దొరకలేదు?

మీ ఊళ్లో ఇప్పటికీ ఆ అబద్ధమే చెప్పుకుంటున్నారట. పంట కోతలు కాగానే వెళ్తాను. ఎవరూ అడగకపోయినా, వినమన్నా, గడప గడపకూ నిలబడి చెప్పొస్తాను.

ఇది మాత్రం చేస్తాను లింగం.

నీ మార్కండి