యూనస్ విడిదిలో ముందు గది

తొరాజా కొండల్లోని బుంతు లెపొంగ్ కాపురస్తురాలిని, కీర్తిశేషులు సులేమాన్ పాసాంగ్ భార్యను, యొహానా తాండిబువా అనే నేను, డెబ్బై తొమ్మిదో ఏట, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. మోకాళ్లు పోయాయి గాని బుర్ర పోలేదు. పోయిందని నా కొడుకు యూనస్ అంటే సాక్షుల్ని అడగండి.

1. పందులు, మగ్గం, నా పూసల హారం కూతురు లూదియాకు. మా ఆయన ఊపిరి ఆగాక నాలుగేళ్లు దక్షిణపు గదిలో ఉన్నారు. అంత్యక్రియల్లో దున్నను కోసేదాకా మాకు ఆయన జబ్బుమనిషే, శవం కాదు. ఆ నాలుగేళ్లూ రోజూ కాఫీ, అన్నం తెచ్చి పెట్టింది లూదియానే.

2. నాలుగేళ్లు ఎందుకంటే, యూనస్‌కు సెలవుల రద్దీ కుదరాలి. మకస్సర్, జకార్తా బస్సులు రావాలి, వాడు సందర్శకుల కోసం నడిపే విడిది నిండాలి. దున్నలు సిద్ధంగా ఉన్నా ఏటా వాయిదా వేశాడు. ఈలోగా సందర్శకులను ఆ గదిలోకే తెచ్చి చూపించాడు. వాళ్లు ఆయన పక్కన కానుకగా సిగరెట్లు పెట్టి వెళ్లేవారు. ఆయన జన్మలో పొగ తాగలేదు.

3. అంత్యక్రియల రోజు నేను ఆయన పెట్టె పక్కన కూర్చుంటే యూనస్ వచ్చి, "అమ్మా, కాస్త పక్కకి జరుగు. వాళ్ల ఫోటోకి అడ్డమొస్తున్నావు," అన్నాడు. యాభై రెండేళ్లు కాపురం చేసినదాన్ని, జరిగాను. క్షమించలేదు. పాస్టరుగారు రెండుసార్లు అడిగారు, మూడోసారి అడగవద్దని మనవి.

4. పోయినవాళ్ల సమాధి దగ్గర నిలబెట్టే చెక్క బొమ్మ, నాది, నేను బతికుండగానే చెక్కించాడట. అది వాడికే. నవ్వుతోందట.

5. ఊపిరి ఆగాక నన్ను యూనస్ విడిదిలో, లోయ కనబడే ముందు గదిలో పడుకోబెట్టాలి. వచ్చే సందర్శకులందరూ అడిగేది ఆ గదినే. మూడు పూటలా వాడే అన్నం తెచ్చి నన్ను పలకరించాలి. చిన్నప్పుడు జ్వరమొస్తే వాడికి గంజి తాగించిన చెక్క గిన్నె దాచి ఉంచాను. అది వాడికిస్తున్నాను, దాంట్లోనే తేవాలి.

6. పెద్ద మడి యూనస్‌దే, నా దున్నను కోసిన రోజు నుంచి. అందాకా లూదియా సాగు చేసుకుంటుంది. కోసే రోజున చూడవచ్చిన పైఊరివాడు ఒక్కడు గాని, కెమెరా ఒక్కటి గాని కనబడితే ఏడాది వాయిదా. వాయిదాలు వాడికి అలవాటే. ఈ ఊరి దారి వాళ్లకు చూపించింది వాడు, మూయాల్సిందీ వాడే. పాస్టరుగారు నిలబడి చూస్తారు.

7. ఆ గదిలో నా పెట్టె గుమ్మానికి అడ్డంగా ఉంచండి. లోపలికి దారి కావాలని వాడు ఎంత బతిమాలినా తీయొద్దు. నేను జబ్బుమనిషిని, తొందరేమీ లేదు. ఈసారి జరగను.

2019 ఆగస్టు 14.

(సంతకం) యొహానా తాండిబువా

సాక్షులు: పాస్టర్ మార్కస్ సాలు, బొమ్మలు చెక్కే దానియెల్ తాంగ్కె, నవ్వు చెక్కింది తనేనని ఒప్పుకున్నవాడు.