మీరు చేప ముట్టని కారణం

ఏవండీ,

మీరు పోయి ఎల్లుండికి ఏడాది. ఎలా ఉన్నారని అడగాలనే ఉంది... అడిగితే ఎప్పుడైనా తిన్నగా చెప్పారు గనకనా?

ఇక్కడ కొల్లేటిలో అనుమతి లేని చేపల చెరువుల గట్లు సర్కారువాళ్లు పేల్చేస్తున్నారు. కైకలూరులో మన అరుగు దాకా మోత వినిపిస్తోంది.

మీ సంవత్సరీకానికి కావాలనే కొర్రమీను పులుసు పెట్టిద్దామనుకున్నాను. కొల్లేటికోటలో పుట్టిన మనిషి, నేను కాపురానికి వచ్చాక ఒక్కనాడూ చేప ముట్టలేదు. అడిగితే "మొహం మొత్తిందిలేవే" అనేవారు. తినకుండానే మొత్తుతుందా? రెండో ప్రపంచ యుద్ధంలో నేవీలో చేరి ఓడ ఎక్కకముందు లొట్టలేసుకుని తినేవారని మీ అమ్మగారే చెప్పారు. ఏ బొంబాయిలోనో ఎవతెకో ఒట్టేసి వచ్చారని ఖాయం చేసుకున్నాను. పెద్దమ్మాయి పెళ్లిలో ఆ మాట పదిమందిలో మీ మొహాన్నే అనేశాను. మీరు కాదనలేదు. కాదనకపోతే నేనేమనుకోవాలి?

నిన్న తాడేపల్లిగూడెం నుంచి ఒక ముసలాయన వచ్చారు. మీ ఓడలోనే పనిచేశారట. ఇన్నేళ్లూ లేనిది ఇప్పుడెందుకొచ్చినట్టు? కాఫీ ఇచ్చానే గానీ ఒక్క ముక్కా నమ్మలేదు.

సరుకు ఓడల వెంట కాపలా వెళ్లే చిన్న యుద్ధనౌకట మీది. నీళ్లలోకి మోత పంపి, అది దేనికో తగిలి తిరిగొస్తే విని, అడుగున సబ్‌మెరైన్ ఉందో లేదో చెప్పడం మీ పనట. ఒకనాడు ఏదో వినబడితే, అది సబ్‌మెరైనో చేపల గుంపో కొల్లేటివాడివి నీకు తెలియాలి, చెప్పమన్నారట ఆఫీసరు. "చేపలేనండీ" అన్నారట మీరు. కాసేపటికే సబ్‌మెరైన్ దెబ్బకు వెనకున్న సరుకు ఓడ మునిగిపోయింది... ఒక్కరూ మిగల్లేదట.

మిమ్మల్ని వెనకేసుకురావడానికి అల్లిన కథే అనుకున్నాను. అంతలో ఎక్కడో గట్టు పేలింది. ఆయన మాట ఆపేసి, తల ఓ పక్కకు వంచి, ఊపిరి బిగబట్టి వింటూ ఉండిపోయారు. దీపావళికి బాంబు పేలితే మీరూ అచ్చం అలాగే... ఏం వింటున్నారని ఒక్కసారైనా అడిగానా నేను?

అయినా నాకో అనుమానం తీరలేదు. నాకెందుకు చెప్పలేదు? లేని ఆడదాని కోసం నాచేత తిట్లు తినడమే తేలికనిపించిందా? రాత్రంతా ఏడ్చాను, మీమీద కోపం కూడా వచ్చింది.

కొర్రమీను వద్దని పొద్దున్నే కబురు పెట్టాను. పప్పు, వంకాయ కూర చాలు. ఆనాడు అన్న మాట తప్పని ఎల్లుండి అందరి ముందూ చెబుతాను. మీరు దాచింది మాత్రం చెప్పను. చేపలెందుకు లేవని చుట్టాలు అడిగితే, మొహం మొత్తిందంటాను.

మీ
సత్యవతి