మునెమ్మ మొదటి ఏడుపు

హిందూపురం,
12-8-1966.

చిరంజీవి మునెమ్మను తిప్పేస్వామి మనసారా దీవించి రాయునది. ఇక్కడ మేము క్షేమం. మదరాసులో నువ్వు కుశలమని తలుస్తాను.

పోయిన నెల నీ సినిమా వందరోజుల పండుగకు వచ్చి, అంతమంది ముందర నా కాళ్ళకు దండం పెట్టి, నాకు ఏడ్చేది నేర్పింది ఈ అయివారే అన్నావు. జనం చప్పట్లు కొట్టారు. నేను తల ఎత్తలేకపోయాను.

నేను నేర్పింది ఎంతలే. ధర్మవరంలో మీ నాయన మగ్గం వదల్లేకపోతే, తల్లిలేని నిన్ను మీ సిద్ధమ్మవ్వ ప్రతి ఆదివారం రైల్లో నా దగ్గరికి తెచ్చేది. ఊపిరి తెగకుండా నాటకం పద్యం పాడించడం నా పని. అది నీ నోట నిలిచేదాకా రైల్లో వల్లె వేయించింది అవ్వ. పెనుకొండ నాటకంలో నువ్వు రెండో పాదం మరిచిపోతే, ముందు వరసలోంచి ఆమే అందించింది. జనం నవ్వినా నువ్వు బెదరకుండా పద్యం ముగించావు. ఆ నిబ్బరం చూసే సినిమావాళ్ళు నిన్ను అడిగారు. అప్పటికి నీకు ఎనిమిదేళ్ళు. అవ్వకు జబ్బు చేయడంతో నీ వెంట మదరాసుకు నేను వచ్చాను.

స్టూడియోలో ఏడ్చే సీనుకు రెండు రోజులు నీకు కన్నీళ్ళు రాలేదు. వేరే పాపను తెస్తామన్నాడు డైరెక్టరు. మూడో రోజు నిన్ను పక్కకు పిలిచి, మీ అవ్వ పోయిందంట అన్నాను. నువ్వు ఏడ్చిన ఏడుపుకు లైట్లవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు. షాటు అయ్యాక, ఉత్తదేలే అన్నాను. నన్ను నాలుగు దెబ్బలు కొట్టి, నవ్వావు. ఆ ఒక్క షాటుతో నీ బతుకు మారింది. పది రోజులకు ఊరు చేరితే, అవ్వ పోయి రెండు రోజులయిందని మీ నాయన చెప్పాడు.

పండుగ నాడు కారెక్కేముందు నువ్వు మెల్లగా అన్న మాట నన్ను వదలడం లేదు. "ఆ పొద్దు నేను ఉత్తుత్తికే ఏడ్సినందుకే అవ్వ పోయిందని ఇప్పటికీ అనిపిస్తాంది అయివారూ. అందుకే కెమెరా ముందర తప్ప యాడా ఏడ్సను. మా నాయన పోయినప్పుడు కూడా ఏడ్సల్యా."

ఆరోగ్యం చూసుకో.

ఇట్లు,
నీ అయివారు,
తిప్పేస్వామి.

తా.క.: మూడుసార్లు రాసి చించాను, ఈ మాట ఉత్తరంలోకి రాలేదు. ఆ మూడో రోజు పొద్దున్నే మీ నాయన ఇచ్చిన టెలిగ్రాం నాకు అందింది. నీకు మొదట చెప్పిందే నిజం. ఉత్తదేలే అన్నదే అబద్ధం. తెలిస్తే సినిమా వదిలి వచ్చేస్తావని భయపడ్డాను. తేదీ మార్చి చెప్పమని మీ నాయనకు ఉత్తరం రాసి బతిమాలిందీ నేనే. నీ ఏడుపు ఎవరినీ చంపలేదు తల్లీ. నువ్వు ఆ పొద్దు మీ అవ్వ కోసమే ఏడ్చావు. సగంలో ఆపించింది నేను.