దించిన శ్రుతి

అక్కకు తమ్ముడు నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ అందరం తింటున్నాం, తిరుగుతున్నాం. నువ్వూ ఆ గని క్యాంపు ఆసుపత్రి డ్యూటీలో అలాగే ఉన్నావని తలుస్తున్నాను. నీ ఉత్తరం గురువారం అందింది. నాలుగు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. కుట్టుమిషన్లు బాగుచేసేవాడికి జవాబు రాసే తీరిక లేదా అని నువ్వు అడగొచ్చు. తీరిక ఉంది. అడిగినవాటికి వరసగా రాస్తాను. మధ్యలో మడిచి పెట్టకుండా చివరిదాకా చదువు.

మా బ్యాండు వాయించుకునే బావ టైర్ల గోడౌను కప్పు కారడం ఆగింది. బావ నిచ్చెన ఎక్కబోతే రొట్టెలాయన చొక్కా పట్టుకుని కిందికి లాగాడు. "నువ్వు పడితే పాడేవాడు లేడు. నేను పడితే డ్రమ్ములు ఎవడైనా బాదుతాడు" అని తనే ఎక్కాడు. ఆయన బరువుకు నిచ్చెన మెట్టు ఒకటి విరిగింది. కప్పు బాగుపడింది, నిచ్చెన పాడైంది.

బావ రక్తపోటు మాత్రలు వేసుకుంటున్నాడా అని అడిగావు. తొమ్మిది రోజులుగా నా కళ్ళెదుటే వేసుకుంటున్నాడు. అంతకు ముందు సంగతి నాకు తెలియదు. మూడు నెలల కిందట తెచ్చిన డబ్బాలో సగం మాత్రలు అలాగే ఉన్నాయి.

అరవై దాటిన నలుగురు మగవాళ్ళు తోలు చొక్కాలు వేసుకుని ఎన్నాళ్ళు అరుస్తారు, మర్యాదగా ఎప్పుడు దిగుతారు అని కూడా రాశావు. ఆ మాట గోడౌనులో చదివి వినిపించాను. రొట్టెలాయన, "ఎందుకు ఆపారని జనం అడిగేటప్పుడే ఆపాలి. ఎందుకు ఆపలేదని అడిగేదాకా ఉండకూడదు" అన్నాడు. మన బేస్ గిటారు బస్సాయనకు కోపం వచ్చింది. "నలభై ఏళ్ళు బస్సు తోలాను. దిగుతామన్నచోటల్లా అందరినీ దింపాను. ఇక్కడ మాత్రం నన్ను దిగమనకండి" అన్నాడు. "నీ మోకాళ్ళు దిగమంటున్నాయి కదయ్యా" అన్నాడు రొట్టెలాయన. బావ నవ్వాడు. అయితే శబ్దం లేకుండా నవ్వాడు. ఎందుకో ఇప్పుడు రాస్తాను.

ఆదివారం బావ ఫోను ఎందుకు తీయలేదని అడిగావు. ఫోను పాడైందని మా కొట్లో పని కుర్రాడిచేత నీకు కబురు పంపించింది నేనే. ఫోను బాగానే ఉంది. బావ మాట్లాడకూడదు. డాక్టరు మూడు వారాలు నోరు తెరవొద్దన్నాడు. పిల్లలు రాసుకునే పలక ఒకటి కొనిచ్చాను. ఏం కావాలన్నా దాని మీద రాస్తున్నాడు.

తొమ్మిది రోజుల కిందట టౌను హాల్లో మా ముప్పై అయిదేళ్ళ కచేరీ జరిగింది. కుర్చీలు చాలక గోడలకు ఆనుకుని నిలబడ్డారు. చివరి పాటలో బావ పట్టే ఆ పొడుగు కేక నీకు తెలుసు కదా, దానికే జనం వస్తారు. అది అందుకున్నాడు అక్కా. ఎప్పుడూ లేనంత పైన అందుకున్నాడు. పట్టి ఉంచాడు. తరువాత మోకాళ్ళ మీదికి వచ్చాడు. కుర్రతనంలో అలాగే కూలబడి పాడేవాడు కనక జనం ఈలలు వేశారు. నేనూ ఆటే అనుకుని వాయిస్తూనే ఉన్నాను. బస్సాయన గిటారు కింద పడేసి పరుగెత్తాక చూశాను. బావ పక్కకు ఒరిగి ఉన్నాడు. మైకు మీద రక్తం ఉంది. అరనిమిషం తెలివి లేదు.

గొంతులో నరం చిట్లింది, మానుతుంది అన్నాడు డాక్టరు. తరువాత నన్ను వరండాలోకి పిలిచి, "బీపీ ఇంత పెట్టుకుని ఇంకోసారి అలా బిగబట్టి అరిస్తే గొంతుతో ఆగుతుందని నేను చెప్పలేను. తలలో తెగొచ్చు" అన్నాడు. నువ్వు నర్సువి. ఆ మాటకు అర్థం నాకన్నా నీకే ఎక్కువ తెలుసు.

తెలివి రాగానే, ఇంకా పలక కొనకముందు, బావ నోటితో అన్న మాట ఒకటే. "మీ అక్కకి రాయకు." నేను తల ఊపాను. అప్పటినుంచి మీ ఇంట్లోనే పడుకుంటున్నాను. పక్కగదిలో ఆయన పక్కకు తిరిగితే లేచి కూర్చుంటున్నాను. నీళ్ళు తాగి గొంతు సవరించుకోబోతే కంగారుగా చెయ్యి పట్టుకుంటున్నాను. పగలు కొట్లో మిషను చప్పుడులో కూడా ఆయన దగ్గు వినిపించినట్టే ఉంటుంది.

ఇంతవరకు నా తప్పు రాయలేదు.

పద్దెనిమిదేళ్ళ కిందట బావకు గొంతు వాచి రెండు నెలలు పాడలేదు. మళ్ళీ మొదలుపెట్టే ముందు రోజు నువ్వు నా కొట్టుకు వచ్చావు. కూర్చోమన్నా కూర్చోలేదు. "ఒరే, నీ తీగలు కొంచెం వదులు చెయ్యరా. శ్రుతి దించు. ఆయనకు మాత్రం చెప్పకు, తెలిస్తే పాడడం మానేస్తాడు" అన్నావు. ఎప్పుడు మార్చినా నాకు చెప్పి మార్చు అని కూడా అన్నావు. నేను, బస్సాయన కలిసి అర మెట్టు దించాం, పాటంతా ఆమేరకు కిందికి దిగింది. డ్రమ్ములకు ఆ బాధ లేదు కనక రొట్టెలాయనకు చెప్పలేదు. మూడు నాలుగేళ్ళకొకసారి నువ్వు ఆయన ముఖం చూసి చెప్పేదానివి, మేం ఇంకో అర మెట్టు దించేవాళ్ళం. మొత్తం అయిదు అర మెట్లు. బావ తన క్యాసెట్లు తాను వినడు, వాద్యం ముట్టడు. పాతికేళ్ళప్పటి గొంతే ఉందని ఆయన నమ్మకం. ఆ నమ్మకంతోనే మాత్రలు పక్కన పెట్టాడేమో.

ఈసారి కచేరీకి అగ్నిమాపక దళం వాళ్ళ బాకాల బృందాన్ని కలుపుకున్నాం. వాళ్ళు మా మొదటి క్యాసెట్టు విని, అందులో ఉన్న శ్రుతికే బాణీలు రాసుకున్నారు. గిటారు తీగల్లా బాకాలను వదులు చేయడం కుదరదు. అయిదు అర మెట్లు కిందికి రాసుకోండి అని నేను అడగాలి. అడిగితే వాళ్ళ పెద్దాయన అందరి ముందూ "ఎందుకూ" అంటాడు. రెండు వారాలు టైముంది. రేపు అడుగుదాం, ఎల్లుండి అడుగుదాం అనుకుంటూ గడిపాను. రిహార్సల్లో బావ గొంతెత్తడని నీకు తెలుసు, పెదాలు కదిలించి వదిలేస్తాడు. అందుకని అక్కడా బయటపడలేదు. కచేరీ రోజు వెనకగదిలో బస్సాయన, "మీ బావకి చెప్పావా?" అని అడిగాడు. చెప్పానన్నాను. ఆయన నమ్మి తన తీగలు బిగించాడు. నేనూ బిగించాను. పద్దెనిమిదేళ్ళు దించినదంతా ఒక్క సాయంత్రం పైకి ఎక్కించాను. నీకూ చెప్పలేదు. ఒక్కరోజుకు ఏమవుతుందిలే అనుకున్నాను.

ఇదే అక్కా నేను చేసింది. నాలుగు రోజులు జేబులో మోసింది ఇదే.

వచ్చే శనివారం పక్క ఊళ్ళో ఇదే కచేరీ ఉంది, అవే బాకాలు. వద్దని అందరం చెప్పాం. బావ పలక మీద, "ఆ రోజు తినలేదు, అందుకే పడ్డాను. కేక అందిందా లేదా? ముప్పై అయిదేళ్ళుగా పాడుతున్నదే కదా, కొత్తగా ఏం చేశాను?" అని రాసి చూపించాడు. డాక్టరు మాట ఆయనకు ఎక్కడం లేదు. ఎక్కకపోవడానికి కారణం మనిద్దరం. రోజూ మోసే బరువే కదా అనుకుంటున్నాడు. అది రోజూ మోసే బరువు కాదని చెప్పేవాళ్ళు లేరు.

అందుకని ఈ మధ్యాహ్నం చెప్పేశాను. గోడౌనులో ఇద్దరమే ఉన్నాం. ఆయన టైర్ల మీద కూర్చుని ఉన్నాడు. నేను నిలబడే చెప్పాను. బావా, పద్దెనిమిదేళ్ళుగా నువ్వు పాడింది ఆ స్వరం కాదు, మొన్న ఒక్కరోజే అది పాడావు అన్నాను. బావ చెయ్యి పైకెత్తి వేళ్ళు చూపించి, ఎంత అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. నేను అయిదు వేళ్ళు చూపించాను. ఆయన నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని ఒక్కో వేలే మడిచాడు. అయిదూ మడిచాక పిడికిలి అలాగే పట్టుకుని కూర్చున్నాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది.

తరువాత పలక తీసుకుని రాశాడు. "నీకు ఇంత బుర్ర లేదు. మీ అక్క చెప్పిందా?"

నేను తల దించుకున్నాను. ఆయనకు జవాబు తెలిసిపోయింది. రోడ్డు వైపు తిరిగాడు. లారీ టైరు మార్చమని ఎవరో వస్తే వేలితో రేపు రమ్మన్నాడు. ఏడవలేదు. ఏడిస్తే గొంతుకు మంచిది కాదని ఆ సమయంలో కూడా నాకు అనిపించింది, చూడు.

చివరికి పలక తుడిచి మళ్ళీ రాశాడు. "ఇంకా ఎంత దించగలవు?"

ఇంకొక్క అర మెట్టు దించొచ్చు. ఆ పైన తీగలు మోగవు, అల్లాడతాయి. బాకాల వాళ్ళను మానిపించాలి. అంతా చేసినా శనివారానికి మూడు వారాలు నిండవు. ఇవన్నీ నాకు తెలుసు. ఆయన పలక, బలపం నా చేతిలో పెట్టి ఇంటికి వెళ్ళిపోయాడు. ప్రశ్న కింద సగం పలక ఖాళీగా వదిలాడు.

ఆపుదాం బావా అని రాయాలి. రెండు మాటలు. గంటసేపు బలపం పట్టుకుని కూర్చుని, అది రాయలేక నీకు ఈ ఉత్తరం రాస్తున్నాను. గిటారు పక్కన పెడితే నేను ఎవరినో నాకు తెలియడం లేదు. ఒక అర మెట్టు ఉంది కదా అని చెయ్యి లాగుతోంది. డాక్టరు మాటకన్నా ఎక్కువ భయం నాకు ఈ చేతిని చూస్తే వేస్తోంది. శుక్రవారం సరుకుల లారీ అక్కడినుంచి బయలుదేరుతుందట. ఎవరినీ అడగకుండా ఎక్కి వచ్చెయ్యి. నేను ఏదైనా రాసేలోపు రా.

ఇట్లు,
నీ మాట తప్పిన
తమ్ముడు