బోరు కాడి గది

మే 6
ఎయిర్‌పోర్టుల అంత పెద్ద హాలు, పట్టుమని పది మంది లేరు. తుడిచిందే మళ్ల తుడిచిన. ఇంటికొచ్చేసరికి మా ఆయనకు ఒళ్లు కాలుతున్నది. కార్గోల ఎండకు మూటలెత్తుతడు కదా, ఎండదెబ్బ అనుకున్న...

మే 8
కరోనానే. దవాఖానల సిస్టరమ్మ గోళీల పాకెట్ చేతిల పెట్టి, "వేరే గదిల ఉంచు. బాత్రూం గూడ వేరే ఉండాలె" అన్నది.
"మాకున్నదే ఒక్క గది, సిస్టరమ్మా."
తల దించుకున్నది. ఆమె మాత్రం ఏం చేస్తది. నా వెనక లైను గేటు దాటింది.

మే 9
గది నడుమ చీర అడ్డం కట్టిన. అటు ఆయన. ఇటు నేను, బిడ్డ స్నేహ. ఆయన దగ్గితే చీర ఊగుతున్నది. పిల్ల మూతికి చున్నీ చుట్టుకొని లెక్కలు చేస్తున్నది.

మే 10
ఓనరమ్మ మెట్ల మీదికెల్లి - "నల్ల కాడికి రాకుండ్రి. అందరు పరేషాన్ అయితుండ్రు." మరి నీళ్లెట్ల? అడిగేలోపలనే తలుపేసుకున్నది. పైన వాళ్లకు నాలుగు గదులు. ముసలి తల్లి ఉన్నది, ఆమె భయం ఆమెది... అయినా కోపం పోలే.

మే 11
లక్ష్మక్కకు ఫోన్ చేసి ఏడ్చిన. నాతోనే డ్యూటీ చేస్తది, మహేశ్వరం దిక్కు ఊరు.
"ఏడువకు. మా బోరు కాడ గది ఖాళీగున్నది, తోల్కరా."
"మీ ఊరోళ్లు ఏమంటరో అక్కా."
"అననీ. చేను మాది."

మే 12
పొద్దుగాల్నే లక్ష్మక్క మరిది ట్రాలీ ఆటో తెచ్చిండు. అడిగిన తక్కిన ఆటోలు ఒక్కటి రాలే. పాత మోటరు పక్కకు జరిపి ఆయనకు మంచమేసినం. రెండు దిక్కుల కిటికీ. మా ఇద్దరికి బయట రేకుల పందిరి. గాలి... ఎన్ని దినాలాయె గిట్ల గాలి పీల్చి.

మే 14
ఊరి ఆశా వర్కరు - అందరు ఆశక్క అంటరు - ఆయన వేలికి ఆక్సిజన్ చూసే మిషన్ పెట్టింది. తొంభై. పెద్ద దవాఖానలకు ఫోన్లు - మంచాల్లేవన్నరు. "బోర్ల పండుకోబెట్టు, నేను మళ్లొస్త" అన్నది. నేను ప్రభువును అడిగిన. లక్ష్మక్క మైసమ్మకు మొక్కిందంట. ఎవరు విన్నా మంచిదే.

మే 15
తొంభై ఒకటి.

మే 16
తొంభై మూడు. జావ తాగిండు.

మే 19
తొంభై ఆరు! కిటికీలకెల్లి కేకేసిండు - "పప్పుల ఉప్పేయలేదేంది?"
కూలబడి నవ్విన. ఏడ్చిన గూడ. స్తోత్రం తండ్రీ.

మే 21
ఊరోళ్లు నలుగురొచ్చి "రోగాన్ని ఊర్లకెందుకు తెచ్చినవ్?" అని లక్ష్మక్క మీద లేచిండ్రంట. నాకు చెప్పనే లేదు. ఆశక్క చెప్పింది. లక్ష్మక్కను అడిగితే, "మా చెల్లె అని చెప్పిన. ఇగ వాళ్లేమంటరు?" అని టమాటలు తెంప వట్టింది.

మే 23
శంషాబాద్ నుంచి ఫోన్. మా పక్క గదిల ఉండే సెక్యూరిటీ తమ్ముని తల్లి పోయింది. ఆరుగురు ఒక్క గదిల. వాళ్లకు లక్ష్మక్క లేదు... మాకున్నది. అన్నం తినబుద్ధి కాలే. తిన్న.

మే 29
టెస్టుల ఏం లేదని వచ్చింది. పదిహేడు దినాల తర్వాత మా ఆయన బయట మంచమేసుకొని కూసున్నడు, స్నేహ ఆయన భుజానికి ఆనుకొని. పొద్దంతా ఆడనే. నేను బట్టలుతుక్కుంట చూస్తనే ఉన్న. మనసు దూది లెక్క ఉన్నది.

జూన్ 3
సూపర్‌వైజర్ ఫోన్. సోమవారం ఇద్దరం పోకుంటే పేర్లు తీసేస్తరంట.
నేను పోత. ఈయన?
నాకు చెప్పకుంట నిండు బిందె భుజానికెత్తిండు. ఆరడుగులు నడిచిండు. దించి, మోకాళ్ల మీద చేతులు పెట్టి ఊపిరి పీలుస్తున్నడు.
"మూటలు మోయగలవా?"
ఎనుకకు చూసి నవ్విండు.
"ఇంక నాలుగు దినాలున్నయ్ గదా."