ఆమేన్ అనే ముందు

కావేరిపట్టణం,
16 జూలై 1984.

మిత్రుడు జనార్ధనరావుకు మునెప్ప వందనాలు.

ప్రభువు దయవల్ల ఇక్కడ ఇంటిల్లిపాదీ కులాసా. హోసూరులో నీవూ, చెల్లెమ్మ కస్తూరీ అలాగే ఉన్నారని నమ్ముతాను. చిట్టా తప్ప మరేమీ రాయని నేను ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నానంటే ఏదో విశేషం ఉందని నీకు తెలిసిపోయే ఉంటుంది.

మన మిషన్ కాలేజీ బోర్డు మీటింగు శనివారం కృష్ణగిరిలో జరిగింది. నీవు విసిగిపోయి రాజీనామా ఇచ్చినా పద్ధతి మారలేదు. ఛైర్మన్ జయరామప్పగారు ఇప్పటికీ ఏదీ చర్చకు పెట్టరు, అన్నీ ముగింపు ప్రార్థనలోనే పెడతారు. “ప్రభువా, క్యాంటీను ఫలానావారికి ఇచ్చే బుద్ధి మాకు దయచేయి” అంటారు. మేము ఆమేన్ అంటాము. సెక్రటరీ దాన్ని ఏకగ్రీవ తీర్మానమని రాసుకుంటాడు. ప్రార్థనకు అడ్డు చెప్పేదెవరు?

ఈసారి ప్రిన్సిపాల్ హేమావతమ్మ వంతు వచ్చింది. మార్కులు లేని తన బంధువుల పిల్లలకు ఆమె సీట్లు ఇవ్వలేదని జయరామప్పగారికి కోపం. ఆమెను వరండాలో కూర్చోబెట్టి, లోపల అందరి చేతా కళ్ళు మూయించి మొదలుపెట్టారు: “ప్రభువా, అలసిన హేమావతమ్మకు విశ్రాంతి దయచేయి. ఆ చోట మా అల్లుడు ప్రసాదును నిలబెట్టు...”

అప్పుడు నేను లేచాను. కుర్చీ కిర్రుమంది. ఆయన ఒక కన్ను తెరిచి, “ఏమప్పా మునెప్పా, నువ్వూ ప్రార్థన చేస్తావా?” అన్నారు. అందరూ నావైపే చూశారు. తల వంచి మొదలుపెట్టాను.

“ప్రభువా, ఆయమ్మ బయట కూర్చోనుండాది. చేసిన తప్పేమో మాకు తెలీదు. లోపలికి పిలిచి అడిగే బుద్ధి మాకియ్యి. అల్లుడి మాట వచ్చినప్పుడు మామను బయట కూర్చోబెట్టు. మేమంతా కండ్లు తెరుచుకోని చేతులెత్తేటట్లు చెయ్యి.”

ఏ మీటింగులోనూ నోరు విప్పని మునిలక్ష్మమ్మ టీచరు అందరికంటే ముందు “ఆమేన్!” అని కేక పెట్టింది. వెనకే అందరూ అన్నారు. సెక్రటరీ గబగబా రాసేసుకున్నాడు.

“ఏమయ్యా, దీన్ని కూడా రాస్తివా?” అని జయరామప్పగారు గద్దించారు.

“మీరూ ఆమేన్ అంటిరి కదా సార్!”

అలవాటు కదా, అనేశారట! నవ్వు ఆపుకోవడం ఎవరి వల్లా కాలేదు. చివరికి ఆయన కూడా నవ్వుతూ వరండాలోకి వెళ్ళారు. హేమావతమ్మ లోపలికి వచ్చి, ఎవరికి ఎందుకు సీటు ఇవ్వలేదో నెమ్మదిగా చెప్పింది. చేతులన్నీ ఆమెకే లేచాయి. “పాపం, ఆయప్పకు ఆడికే టీ పంపియ్యండి” అంది మునిలక్ష్మమ్మ.

నీ రాజీనామాను బోర్డు ఇంకా ఒప్పుకోలేదు. వచ్చే మీటింగుకు తప్పక రా.

నీ మేలు కోరే
మునెప్ప

తా.క. జయరామప్పగారి పదవీకాలం ఈ నెలతో తీరిపోతుంది. ధైర్యవంతుణ్ణని ఆ చోట నన్ను ఎన్నుకున్నారు. నీకొక్కడికే నిజం చెబుతున్నాను. నేను లేచింది ఎదిరించడానికి కాదు. ఆరు గంటల బస్సు తప్పిపోతుందని, అందరూ కళ్ళు మూసుకుని ఉండగా జారుకుందామని లేచాను. అందుకే నీవు రావాలి. రేపు నేనూ ప్రార్థనలో ఏదైనా దూరిస్తే, ఆమేన్ అనకుండా కూర్చునే మనిషి ఒకడు ఉండాలి.